కాన్పు తర్వాత నొప్పులు: ఏది మామూలు, ఏది ప్రమాదం

కాన్పు అయి ఇంటికొచ్చిన బాలింతను చూడ్డానికి వచ్చిన చుట్టాలు ముందు ఉయ్యాల దగ్గరికే వెళతారు. బిడ్డ ఎవరి పోలిక, ఎంత బరువు పుట్టింది, పాలు సరిగా తాగుతోందా అని అడుగుతారు. మంచం మీద ఒక పక్కకు ఒరిగి, ఒక తొడ మీదే బరువు వేసి కూర్చున్న తల్లిని గమనించేవాళ్లు తక్కువ. కుట్లు గుచ్చుకుంటున్నాయి కాబట్టి ఆమె అలా కూర్చుంది. ఆ మాట భర్తతో చెప్పాలన్నా, అత్తగారితో చెప్పాలన్నా సిగ్గు. ధైర్యం చేసి చెప్పినా "బాలింత నొప్పులు ఎవరికి లేవమ్మా, నాలుగు రోజులు ఓర్చుకో" అన్న జవాబే చాలా ఇళ్లలో వస్తుంది.

ఆ మాటలో సగం నిజం ఉంది. తొమ్మిది నెలలు సాగిన శరీరం మళ్లీ సర్దుకునేటప్పుడు నొప్పి రావడం మామూలే. కానీ అందులో చాలా నొప్పిని తేలికైన పద్ధతులతో తగ్గించుకోవచ్చు, ఊరికే ఓర్చుకోవాల్సిన పని లేదు. ఇంకో సంగతి, కొన్ని నొప్పులు నాలుగు రోజులు ఆగేవి కావు. వాటికి అదే రోజు, ఒక్కోసారి అదే గంటలో ఆస్పత్రికి వెళ్లాలి. ఈ రెండింటికీ తేడా బాలింతకే కాదు, ఆమెను చూసుకునే ఇంటివాళ్లకు కూడా తెలిసి ఉండాలి.

నలభై రోజుల లెక్క

ముస్లిం కుటుంబాల్లో కాన్పు తర్వాత 40 రోజులను చిల్లా అంటారు. హిందువుల ఇళ్లలో చాలాచోట్ల 11వ రోజు పురుడు స్నానం చేయించి, ఆ తర్వాత కూడా నెలా, మూడు నెలలు పుట్టింట్లోనే ఉంచుతారు. వైద్యశాస్త్రం లెక్క కూడా దాదాపు ఇదే. కాన్పు తర్వాత 42 రోజులు, అంటే ఆరు వారాలు, బాలింత కాలం. గర్భసంచి తిరిగి మామూలు సైజుకు రావడానికి, కుట్లు లోపలి నుంచి గట్టిపడటానికి పట్టే సమయం అది. బాలింతకు విశ్రాంతి కావాలన్న విషయంలో పెద్దవాళ్ల మాటకు తిరుగులేదు. ఇబ్బంది ఎక్కడంటే, పనిమనిషి లేని, పుట్టింటి ఆసరా లేని ఇళ్లలో పురుడు స్నానం అయిన మర్నాడే వంటగదిలోకి పంపిస్తున్నారు. సిజేరియన్ అయిన మనిషికి ఆ రోజుకు పొట్ట మీద గాయం వయసు 12 రోజులే.

విశ్రాంతి అంటే కదలకుండా పడుకోబెట్టడం కూడా కాదు. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది. మంచం దిగకుండా ఉంటే కాళ్లలో గడ్డలు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. గదిలో అటూ ఇటూ నడవడం, తన పనులు తాను చేసుకోవడం మొదటి రోజు నుంచే మంచిది.

పొత్తికడుపులో వచ్చే నొప్పులు

మాయ పడిపోగానే గర్భసంచి బరువు కిలో దాకా ఉంటుంది. బొడ్డు దగ్గర గట్టి బంతిలా చేతికి తగులుతుంది. రోజుకు ఒక వేలెడు చొప్పున కిందికి దిగుతూ రెండు వారాలకు పైనుంచి చేతికి తగలకుండా పోతుంది. ఆరు వారాలకు 100 గ్రాముల లోపుకు వచ్చేస్తుంది. ఇంత కుదింపు నొప్పి లేకుండా జరగదు. బహిష్టు నొప్పిలా మెలిపెట్టే ఈ నొప్పులు బిడ్డకు పాలిచ్చేటప్పుడే ఎక్కువవుతాయి. బిడ్డ చనుమొనను చప్పరించగానే విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోనే పాలనూ దింపుతుంది, గర్భసంచినీ ముడుస్తుంది. తొలి కాన్పు కంటే రెండో, మూడో కాన్పులో ఇవి గట్టిగా వస్తాయి. "మొదటిసారి ఇంత నొప్పి లేదే" అని కంగారుపడేవాళ్లు ఎక్కువగా ఉండేది అందుకే. చాలామందికి వారం లోపు తగ్గిపోతాయి.

ఈ నొప్పులు ఎక్కువగా ఉన్నప్పుడు మొదట చేయాల్సింది మూత్రానికి వెళ్లడం. మూత్రాశయం నిండుగా ఉంటే గర్భసంచి సరిగా ముడుచుకోలేదు. అప్పుడు నొప్పితో పాటు రక్తస్రావమూ పెరుగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు మూత్రం వస్తున్నట్టు తెలియకపోవచ్చు కూడా. అనిపించినా అనిపించకపోయినా రెండు మూడు గంటలకోసారి వెళ్లి రావాలి. కాన్పు లేదా మూత్రం పైపు తీసేసిన ఆరు గంటల లోపు మూత్రం రాకపోతే నర్సుకు చెప్పాలి.

కింద కుట్లు ఉంటే

నార్మల్ డెలివరీలో యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న భాగం సాగి కొంచెమైనా చీలడం సహజం. ఆ చీలికను డాక్టర్లు నాలుగు స్థాయిలుగా చూస్తారు. మొదటిది చర్మం మటుకే, రెండోది కండ దాకా. మూడో స్థాయిలో మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం దెబ్బతింటుంది. నాలుగోది పేగు లోపలి పొర దాకా వెళుతుంది. కొన్నిసార్లు డాక్టరే కత్తెరతో దారి పెద్దది చేస్తారు. దాన్ని ఎపిసియాటమీ అంటారు. అందరికీ అలవాటుగా ఇది చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మన దగ్గర తొలి కాన్పుల్లో ఇప్పటికీ ఎక్కువగానే చేస్తున్నారు. డిశ్చార్జి చీటీలో తనకు ఏ స్థాయి చీలిక అయింది, ఎలాంటి దారంతో కుట్టారు అన్నది అడిగి రాయించుకోవడం ప్రతి తల్లి హక్కు. తర్వాత ఇబ్బంది వస్తే వేరే డాక్టరుకు చూపించాలన్నా ఆ ఒక్క ముక్కే పనికొస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు వాపు, మంట ఎక్కువ. అప్పుడు పనిచేసేది చలువ. ఐస్ ముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి, దాని మీద ఉతికిన మెత్తని గుడ్డ చుట్టి, 10 నుంచి 20 నిమిషాలు కుట్ల దగ్గర పెట్టుకోవాలి. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ పెట్టుకోవచ్చు. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. "బాలింతకు చలువ తగిలితే వాతం చేస్తుంది" అని పెద్దవాళ్లు అడ్డుపడొచ్చు. బయటి నుంచి పెట్టే ఈ చలువ గాయం వాపును తగ్గిస్తుంది తప్ప ఒంట్లోకి చలి చేరదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలింతల సంరక్షణపై ఇచ్చిన సిఫారసుల్లో కుట్ల నొప్పికి ఐస్ పెట్టడం, పారాసిటమాల్ వేసుకోవడం రెండూ ఉన్నాయి.

ఒక రోజు గడిచాక గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే హాయిగా ఉంటుంది. దీనికి ప్రత్యేకమైన సామాను కొనక్కర్లేదు. శుభ్రంగా తోమిన వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. నడుము కిందిభాగం మునిగేంత నీళ్లు పోసి, 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు కూర్చోవాలి. నీళ్ల వేడి మోచేత్తో చూసుకోవాలి. మరిగించిన నీళ్ల ఆవిరి పట్టడం, పొగ వేసుకోవడం వద్దు. పచ్చి గాయం కాలుతుంది. డెటాల్ కలపాల్సిన అవసరం కూడా లేదు. ఎక్కువైతే మంట పుడుతుంది. కుట్ల మీద పసుపు ముద్ద, నెయ్యి, ఆముదం, బూడిద ఏవీ రాయకూడదు. డాక్టరు రాసిచ్చిన ఆయింట్‌మెంట్ ఉంటే సరే.

మూత్రం తగిలినప్పుడు మంట భరించలేనిదిగా ఉంటుంది. అందుకు భయపడి నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. అప్పుడు మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. మూత్రం పోసేటప్పుడే లోటాతో గోరువెచ్చని నీళ్లు ముందు నుంచి మెల్లగా పోసుకుంటూ ఉంటే మూత్రం పలచబడి మంట తెలియదు. అమెరికాలో కాన్పు అయిన తెలుగు ఆడపిల్లలకు అక్కడి ఆస్పత్రివాళ్లు ఈ పనికి ఓ చిన్న పిండే సీసా ఇస్తుంటారు. మన లోటా చేసే పని అదే. పంపు వేగంతో కొట్టే జెట్ మాత్రం కుట్లు మానే దాకా వాడొద్దు. కడుక్కోవడం, తుడుచుకోవడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. మెత్తని గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ప్యాడ్ తడిసినా తడవకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. గుడ్డలు వాడేవాళ్లు వాటిని నలుగురికీ కనిపిస్తాయని మంచం కింద, తలుపు చాటున ఆరేస్తుంటారు. ఎండలో ఆరని గుడ్డ ఇన్‌ఫెక్షన్‌కు దారి. వాటి మీద పలచని చున్నీ కప్పి అయినా సరే ఎండలోనే ఆరేయాలి.

మొదటి వారం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కుట్లు లాగుతాయి. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్చుకుంటే ఆ బాధ సగం తగ్గుతుంది. వారం పది రోజులకు కుట్ల దగ్గర దురద మొదలవుతుంది, ప్యాడ్ మీద దారం ముక్కలు కనిపిస్తాయి. కుట్లు తెగిపోయాయని భయపడొద్దు, కరిగే దారం ఊడిపోతున్న గుర్తు అది. చాలామంది రెండు వారాలకు సుఖంగా కూర్చోగలుగుతారు. మూడో, నాలుగో స్థాయి చీలిక అయినవాళ్లకు మాత్రం ఎక్కువ సమయం పడుతుంది. వాళ్లు యాంటీబయాటిక్స్, విరేచనం సాఫీగా అయ్యే మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి, మధ్యలో ఆపకూడదు.

మొదటి విరేచనం భయం

చాలామంది బాలింతలు పైకి చెప్పకపోయినా ఎక్కువ భయపడేది దీనికే. కుట్లు విడిపోతాయేమోనని బిగబట్టుకుంటారు. బిగబట్టిన కొద్దీ మలం గట్టిపడుతుంది. దానికి తోడు ఐరన్ మాత్రలు, పథ్యం పేరుతో కూరగాయలు, పండ్లు, నీళ్లు తగ్గించేయడం. మామూలు విరేచనానికి కుట్లు విడిపోవు. శుభ్రమైన ప్యాడ్‌ను కుట్ల మీద మెత్తగా అదిమి పట్టుకుని వెళితే ధైర్యంగా ఉంటుంది. వెస్ట్రన్ కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకోవాలి. ముక్కకూడదు. రాత్రి ఇసబ్‌గోల్ పొట్టు, లేదా డాక్టరు రాసిచ్చే లాక్టులోజ్ లాంటి సిరప్ వాడొచ్చు. ఇసబ్‌గోల్ వేసుకుంటే నీళ్లు బాగా తాగాలి, లేకపోతే అదే గట్టిపడుతుంది. కాన్పులో ముక్కినందువల్ల బయటికొచ్చిన మొలలు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఐస్, టబ్బు స్నానం వాటికీ పనిచేస్తాయి.

సిజేరియన్ అయినవాళ్లకు

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. అంటే తెలంగాణలో ప్రతి ఐదుగురు తల్లుల్లో ముగ్గురు పొట్ట మీద కుట్లతో ఇంటికి వస్తున్నారు. ఇంత మామూలైపోయింది కాబట్టే అది ఒక పెద్ద ఆపరేషన్ అన్న సంగతి జనం మర్చిపోతున్నారు. చర్మం, కొవ్వు, కండరాల పైపొర, పొట్ట లోపలి పొర, గర్భసంచి గోడ, ఇన్నీ కోసి మళ్లీ కుడతారు. ఇలాంటి కోత వేరే ఏ జబ్బుకు పడినా ఆ మనిషి చేత నెల రోజులు బకెట్ ఎత్తించరు.

మంచం మీద నుంచి నేరుగా లేవకూడదు. ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి జార్చి, చేతుల మీద బరువు వేసి లేవాలి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు ఓ దిండు గాయం మీద పెట్టి అదిమి పట్టుకుంటే నొప్పి చాలా తగ్గుతుంది. డాక్టరు అనుమతితో మొదటి రోజే నాలుగడుగులు వేయించాలి. కడుపులో చేరిన గాలి కదలడానికి అదే మందు. గాలి వల్ల ఒక్కోసారి భుజం దగ్గర కూడా పోటు వస్తుంది. ఆరు వారాల దాకా బిడ్డకంటే బరువైనది ఎత్తకూడదు. నీళ్ల బకెట్, గ్యాస్ సిలిండర్, బియ్యం సంచి మాత్రమే కాదు, రెండేళ్ల పెద్ద పిల్లాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. వాడు ఎత్తుకోమని ఏడిస్తే తల్లి కూర్చుని ఒళ్లోకి తీసుకోవాలి.

గాయాన్ని రోజూ స్నానంలో సబ్బు నీళ్లు పైనుంచి జారేలా కడిగి, అద్ది ఆరబెట్టాలి. పొట్ట మడత కింద గాయం ఉన్నవాళ్లకు చెమట అక్కడే నిలుస్తుంది. పడుకున్నప్పుడు మడత పైకెత్తి కాసేపు గాలి తగలనివ్వాలి. ఆస్పత్రుల్లో పెద్దగా చెప్పని ఒక చిన్న విషయం: లంగా బొందు, సల్వార్ నాడా సరిగ్గా కుట్ల మీదో, దాని అంచునో పడి ఒరుసుకుంటాయి. కొన్ని వారాలు వదులుగా ఉండే నైటీలే మేలు. గాయం చుట్టూ మొద్దుబారినట్టు ఉండటం, కొన్ని నెలల పాటు జివ్వుమనడం మామూలే, చర్మంలోని సన్నని నరాలు మళ్లీ పెరగాలి.

వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లే జీవితాంతం నడుం నొప్పి వస్తుందన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి నడుం నొప్పికి ఆ సూదే కారణమని మాత్రం రుజువు కాలేదు. గర్భంలో సాగిన కీళ్లు, బలం తగ్గిన పొట్ట కండరాలు, వంగి కూర్చుని గంటల తరబడి పాలివ్వడం, ఇవీ అసలు కారణాలు. వీపుకు దిండు ఆనించి, బిడ్డ కింద ఇంకో దిండు పెట్టి, బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి గానీ రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకూడదు. అయితే ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులకు, లేచి కూర్చుంటే తల పగిలిపోయేలా నొప్పి, పడుకుంటే తగ్గిపోవడం ఉంటే అది వేరు. మత్తు డాక్టరుకు చెప్పాలి, దానికి వైద్యం ఉంది.

నొప్పి మాత్రలు వేసుకుంటే పాలు చెడతాయా?

చెడవు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ రెండూ పాలలోకి చాలా తక్కువగా వెళతాయి. పాలిచ్చే తల్లులు వాడొచ్చు. పారాసిటమాల్ అయితే మోతాదుకు 500 మిల్లీగ్రాముల నుంచి గ్రాము దాకా, కనీసం ఆరు గంటల తేడాతో, రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకుండా వేసుకోవాలి. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు ఐబూప్రొఫెన్ డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి పెరిగే దాకా ఆగి మాత్ర వేసుకోవడం కంటే, రాసిచ్చిన టైముకు వేసుకోవడమే మంచిది. నొప్పి తగ్గిన తల్లి నడుస్తుంది, నిద్రపోతుంది, కుదురుగా కూర్చుని పాలిస్తుంది. మెడికల్ షాపులో "గట్టి మాత్ర ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోవడం మాత్రం ప్రమాదం. కొడీన్, ట్రమడాల్ ఉన్న మందులు పాల ద్వారా బిడ్డకు చేరి మగతను, ఊపిరి ఇబ్బందిని తెచ్చే అవకాశం ఉందని 2017లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది.

పథ్యం, నడికట్టు, కుంపటి

గాయం మానాలంటే మాంసకృత్తులు, ఐరన్, సి విటమిన్ కావాలి. అచ్వానీ, హరీరా, గోంద్ లడ్డూలు, శొంఠి, కాయం, వెల్లుల్లి కారం వీటిలో చాలావరకు బలమిచ్చేవి, ఆకలి పుట్టించేవి. నిక్షేపంగా తినొచ్చు. తంటా తినమనేవాటితో కాదు, వద్దనేవాటితో. పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు, పండ్లు జలుబు చేస్తాయని, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని ఆపేస్తారు. కారం అన్నంతో నెల గడిపిన మనిషికి కుట్లు త్వరగా మానవు. పప్పు వల్ల చీము పట్టదు. గుడ్డు, చేప, మాంసం, పప్పు, ఆకుకూర, జామ, నిమ్మ, ఉసిరి అన్నీ పెట్టాలి. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఓ గ్లాసు నీళ్లు ఉండాలి. ప్రభుత్వ కార్యక్రమం కింద ఐరన్ ఫోలిక్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు, కాల్షియం మాత్రలు కూడా ఆరు నెలలు ఉచితంగా ఇస్తారు. ఆ రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, మధ్యలో రెండు గంటలైనా తేడా ఉండాలి.

పొట్టకు గుడ్డ కట్టడం వల్ల సిజేరియన్ అయినవాళ్లకు లేచి తిరిగేటప్పుడు ఆసరాగా ఉంటుంది. అది పొట్టను కరిగించదు. ఊపిరి ఆడనంత బిగిస్తే ఒత్తిడి కిందికి, బలం తగ్గిన కటి కండరాల మీద పడుతుంది. కుట్లున్న పొట్ట మీద మాలిష్, పైనుంచి ధారగా మరిగే నీళ్లు పోయడం వద్దు. బొగ్గుల కుంపటి, సాంబ్రాణి పొగ తలుపులు మూసిన గదిలో పెట్టడం ఇంకా ప్రమాదం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల్లీబిడ్డా ఇద్దరికీ ఊపిరి తీయగలదు.

రొమ్ముల నొప్పి

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య పాలు ఒక్కసారిగా దిగి రొమ్ములు రాళ్లలా గట్టిపడతాయి. దీనికి మందు బిడ్డే. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టించాలి. పాలిచ్చాక చల్లని గుడ్డ వేసుకుంటే వాపు తగ్గుతుంది. చనుమొన పగిలిందంటే ఎక్కువసార్లు బిడ్డ నోట్లోకి మొన ఒక్కటే వెళుతోందని అర్థం. చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు బిడ్డ నోట్లోకి వెళ్లాలి. నర్సు చేత ఒక్కసారి పక్కన కూర్చుని చూపించుకుంటే పది రోజుల బాధ తప్పుతుంది. ఒక చోట ఎర్రబడి, వేడిగా, జ్వరంతో నొప్పి వస్తే డాక్టరుకు చూపించాలి. ఆ రొమ్ము పాలు ఆపకూడదు. ఆపితే గడ్డకట్టి చీము పట్టే ముప్పు పెరుగుతుంది.

రక్తం ఎన్ని రోజులు పోతుంది?

మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత పది పద్నాలుగు రోజుల దాకా గులాబీ, గోధుమ రంగులో, ఆపైన పసుపు కలిసిన తెల్లగా నాలుగు నుంచి ఆరు వారాల దాకా పోతుంది. 40 రోజులూ పోతేనే మైల అంతా పోయినట్టు అని కొందరు అనుకుంటారు. నిజం కాదు, కొందరికి మూడు వారాలకే ఆగిపోతుంది. నిఫాస్ విషయంలో కూడా హనఫీ పద్ధతిలో 40 రోజులు గరిష్ఠ పరిమితే, అంతకు ముందే ఆగిపోవచ్చు. తగ్గిన రక్తం పని ఎక్కువ చేసిన రోజు మళ్లీ ఎర్రగా కనిపిస్తే, ఒళ్లు ఇంకా విశ్రాంతి అడుగుతోందని అర్థం. ఆరు వారాలు దాటినా ఆగకపోతే చూపించుకోవాలి.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సినవి

గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతోంది, లేదా నిమ్మకాయంత గడ్డలు పడుతున్నాయి అంటే అది మామూలు రక్తం కాదు. కళ్లు తిరగడం, ఒళ్లు చల్లబడటం దాకా ఆగితే ఆలస్యమైనట్టే. కాన్పు అయిన మొదటి రోజు మాత్ర వేసినా తగ్గకుండా కింద ఒక పక్క ఉబ్బుతూ, మలద్వారం మీద విపరీతమైన ఒత్తిడితో నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం గూడుకడుతూ ఉండొచ్చు. బయటికి చుక్క కనపడదు, అందుకే "ఏం కాదులే" అని వదిలేస్తారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, దుర్వాసనతో రక్తం, కుట్ల దగ్గర చీము, కుట్లు విచ్చుకోవడం ఇన్‌ఫెక్షన్ గుర్తులు. పాలు పడుతున్న జ్వరమని సరిపెట్టుకోకూడదు.

కాన్పు అయిపోయింది కాబట్టి బీపీ గండం గడిచిందని చాలామంది అనుకుంటారు. అది ఆరు వారాల దాకా రావొచ్చు, గర్భంలో బీపీ లేనివాళ్లకు కూడా. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మసకలు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి ఉంటే వెంటనే బీపీ చూపించాలి. 160/110 దాటితే అత్యవసరం, ఫిట్స్ రావొచ్చు. ఒకే పిక్క వాచి, ఎర్రబడి నొప్పిగా ఉంటే కాలు పిసకొద్దు, లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఆయాసం, ఛాతీలో పోటు వస్తే 108కి ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రులు ఉన్నాయి. మిగతాచోట్ల జిల్లా ఆస్పత్రికి పోవడం మేలు, దగ్గరి చిన్న క్లినిక్‌లో గంటలు గడపొద్దు.

గాలి, మలం తెలియకుండా పోవడం, దగ్గితే మూత్రం కారడం ప్రాణాపాయం కాదు. అయితే మూడో పిల్లాడు పుట్టే దాకా దాచుకోవాల్సినవి కూడా కావు. మూత్రం, గాలి ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి ఐదు నుంచి పది సెకన్లు పట్టి వదలడం, పదిసార్లు, రోజుకు మూడు విడతలు చేయాలి. 1948లో ఈ వ్యాయామాన్ని వివరించిన అమెరికన్ డాక్టరు పేరు మీదే దీన్ని కెగెల్ వ్యాయామం అంటారు. పాలిచ్చేటప్పుడు, చపాతీ వత్తుకునేటప్పుడు కూడా చేయొచ్చు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి మాత్రం అలవాటు చేసుకోవద్దు.

నొప్పి, నిద్రలేమి కలిస్తే మనసు కూడా అలిసిపోతుంది. నాలుగైదు రోజులకు కారణం లేకుండా ఏడుపు రావడం, రెండు వారాల్లో సర్దుకోవడం చాలామందికి జరిగేదే. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డ మీద విసుగు, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా జిన్నులు, దిష్టి అంటూ తిప్పకుండా వైద్యం చేయించాలి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడొచ్చు.

ఆస్పత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. బిడ్డను తూచి వెళ్లిపోకుండా తల్లిని వేరుగా, మగవాళ్లు లేని గదిలో కూర్చోబెట్టి మాట్లాడమని ఇంటివాళ్లే అడగాలి. దంపతుల కలయిక కూడా కుట్లు మానాక, తల్లికి ఇష్టమైనప్పుడే. పాలిచ్చే రోజుల్లో పొడిగా ఉండి నొప్పి రావొచ్చు. బహిష్టు రాకముందే మళ్లీ గర్భం నిలవగలదు కాబట్టి ఆ సంగతి కూడా ముందే అడగాలి.

ఆరు వారాలకు బిడ్డకు టీకాలు వేయించడానికి ఎలాగూ వెళతారు. ఆ రోజు ఓపీ దగ్గర బిడ్డ పేరుతో పాటు తల్లి పేరు మీద కూడా ఒక చీటీ తీయించి, కుట్లు, బీపీ, రక్తం శాతం చూపించుకుని రావాలి.